చేప ఒక్కటీ లేని అర్జీ

తాటాకు పాక ఒకటి. కుట్టుమిషను ఒకటి. మడతమంచం ఒకటి. ఇత్తడి బిందె ఒకటి. స్టీలు గిన్నెలు ఆరు. దుప్పట్లు నాలుగు. కోళ్ళు పదకొండు, అందులో పుంజులు రెండు. తాటిదోనె ఒకటి. ఆధార్ కార్డులూ రేషన్ కార్డూ దాచుకున్న రేకుపెట్టె ఒకటి. టార్చిలైటు ఒకటి. రేషన్ బియ్యం ఇరవై కిలోలు.

బియ్యం కిలోల్లో ఉన్నాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి మిగతావి కూడితే ఇరవై ఎనిమిది. మూడుసార్లు కూడి చూశాను. మూడుసార్లూ అంతే వచ్చింది. ఆ ఇరవై ఎనిమిదిలో చేప ఒక్కటీ లేదు. రొయ్య లేదు, మేత బస్తా లేదు. అయినా ఆ అర్జీని నేను ‘చేపల చెరువు నష్టం’ అనే కట్టలో వేశాను.

నేను వేశాను అని ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. మొదట్లో ‘కంప్యూటరు వేసింది’ అనేదాన్ని.

మాది ఏలూరు. రోజూ పొద్దున్నే రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడి మార్కెట్లో ఒక ఉల్లిపాయల కమీషను కొట్లో లెక్కలు రాస్తాను. పంతొమ్మిదేళ్ళయింది. మా ఆయన పౌరోహిత్యం చేస్తారు. మా ఇంట్లో ఉల్లిపాయ వండం. ‘ఇంట్లోకి రానివ్వనిదాన్ని రోజూ లారీలకొద్దీ లెక్కపెట్టి వస్తుంది మా ఆవిడ’ అని ఆయన పదిమందిలో చెప్పి నవ్విస్తూ ఉంటారు. నేను ఇంటర్లో లెక్కలు చదివాను, డిగ్రీ సగంలో ఆగిపోయింది. ఆ తరవాత నేర్చుకున్నది ఏదైనా సొంతంగా నేర్చుకున్నదే. రైలు ప్రయాణం పోనూ రానూ కలిపి గంటన్నర. ఆ గంటన్నరలో ఫోనులో వీడియోలు చూసి ముందు ఎక్సెల్, తరవాత ప్రోగ్రాములు రాయడం, ఆ తరవాత మెషీన్ లెర్నింగ్ నేర్చుకున్నాను. ఒక్కో వీడియో నాలుగుసార్లు చూసేదాన్ని. వాటిలో చెప్పేవాళ్ళు మరీ గబగబా చెబుతారు. లెక్క మాత్రం నెమ్మదైనదే. ఆగి చూస్తే అర్థమవుతుంది.

కొట్టుకి వాట్సాప్‌లో వచ్చే ఫిర్యాదుల మీద దాన్ని మొదటిసారి వాడి చూశాను. తడి సరుకు, తూకం తేడా, ఆలస్యం. ఈ మూడు రకాలే. మెసేజీలో మాటల్ని బట్టి ఏది ఏ రకమో ప్రోగ్రామే విడదీసేది. మా షావుకారు గారికి అది ఇంద్రజాలంలా కనిపించింది. కనిపించిన వాళ్ళందరికీ చెప్పారు. అలా చెప్పగా విన్నవాళ్ళలో కైకలూరు ఐసు ఫ్యాక్టరీ యజమాని ఒకరు.

ఆ ఏడు వానలకి కొల్లేరు పొంగింది. నీళ్ళు నెమ్మదిగా వచ్చాయి, అంతకన్నా నెమ్మదిగా పోయాయి. కైకలూరు, కలిదిండి వైపు చేపల చెరువుల వాళ్ళూ వ్యాపారులూ కలిసి ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ ఆయన దానికి పెద్ద. ఫ్యాక్టరీ మేడమీద గదే ఆఫీసు. ఏం పోయిందో రాసి ఇవ్వమంటే రెండువేల నాలుగువందల పదహారు అర్జీలు వచ్చాయి. అన్నీ చేతిరాతవే. వాటిని ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించారు. వాటిని ఐదు కట్టలుగా విడదీయాలి: ఇళ్ళు, చేపల చెరువులు, వరి, పశువులు, వలలూ పడవలూ. ఇల్లు పోయినవాళ్ళకి ఇంటికి పన్నెండు పైకప్పు రేకులు. చెరువుల కట్టలో చిన్న కౌలుదార్లకి మాత్రమే చేపపిల్లలు ఇస్తారు, అందుకని వాళ్ళు కాగితాలు చూపించాలి. మిగతా కట్టలకి వేరే ఏర్పాట్లు.

“ఇవన్నీ చదవాలంటే మాకు రెండు నెలలు పడుతుందమ్మా. మీ మిషనేదో ఉందంట గదా?” అన్నారాయన ఫోనులో.

“మిషను కాదండి, లెక్క” అన్నాను.

“ఏదైతేనేంలెండి. ఎన్నాళ్ళు?”

“పది రోజులు” అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆ పద్ధతి చెప్పడానికి తేలిక. ముందు కొన్ని అర్జీలు మనమే చదివి, ఏది ఏ కట్టలోదో పక్కన రాసి పెట్టాలి. ప్రోగ్రాము వాటిని చూసి, ఒక్కో మాట ఏ కట్ట వైపు ఎంత మొగ్గుతుందో లెక్కవేసుకుంటుంది. ‘గేదె’ అన్న మాట పశువుల వైపు మొగ్గుతుంది. ‘గోడ’ ఇళ్ళ వైపు. ‘చెరువు’ చేపల వైపు, అదీ బాగా గట్టిగా. కొత్త అర్జీ వచ్చినప్పుడు అందులోని మాటల మొగ్గులన్నీ కూడి, ఏ వైపు ఎక్కువ తూగితే ఆ కట్టలో వేస్తుంది. నేను మొదటి నాలుగువందల అర్జీలు చదివాను. మూడువందలు దానికి నేర్పడానికి వాడి, వంద దాన్ని పరీక్షించడానికి దాచాను. ఆ వందలో తొంభైనాలుగు సరిగ్గా చెప్పింది. ఆ అంకె కాగితం మీద పెద్దగా రాసి ఐసు ఫ్యాక్టరీ ఆయనకి చూపించాను.

మొత్తం అర్జీలు దానిలో వేస్తే ఇళ్ళు ఏడువందల రెండు, చేపల చెరువులు ఆరువందల పదమూడు, వరి ఐదువందల నలభైఎనిమిది, పశువులు రెండువందల తొంభైఒకటి, వలలూ పడవలూ రెండువందల అరవైరెండు వచ్చాయి. కూడితే సరిగ్గా రెండువేల నాలుగువందల పదహారు. కూడిక సరిపోయింది కదా అని నా మనసు కుదుటపడింది. కూడిక సరిపోవడం వేరు, పంపకం సరిగ్గా ఉండటం వేరు. పంతొమ్మిదేళ్ళు లెక్కలు రాసిన మనిషిని, నాకది తెలియదని చెప్పలేను.

ఏడువందల రెండు ఇళ్ళకి రేకులు ఆర్డరిచ్చారు. చెరువుల కట్టలో వాళ్ళందరికీ ఒకే ఉత్తరం వెళ్ళింది.

ఉత్తరాలు వెళ్ళిన వారానికి, ఆదివారంనాడు, నేను లెక్కలు అప్పజెప్పడానికి కైకలూరు వెళ్ళాను. మేడమీద గదిలో నేనూ ఐసు ఫ్యాక్టరీ ఆయనా కూర్చుని ఉన్నాం. నలభై ఏళ్ళ లోపు ఒకావిడ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆ ఉత్తరం.

“నమస్కారమండి. ఈ ఉత్తరం మాకెందుకొచ్చిందో కాస్త చెబుతారాండి?”

ఆయన తీసుకుని చూశారు. “చెరువు నష్టం అని పెట్టుకున్నావు కదమ్మా. కౌలు పత్రం, లైసెన్సు నకలు తేవాలి. వారంలో తేకపోతే అర్జీ మూసేస్తారు. అందరికీ అదే రూలు.”

“చెరువేంటండీ బాబూ! నాకు చెరువుంటే ఇలా బస్సులో నిలబడొస్తానాండి, కారేసుకు వద్దును గదండి.”

ఆయన నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు.

“కోళ్ళు పోయాయని కూడా రాయించానండి. మీ లెక్కలో కోళ్ళు చెరువులో ఈదుతాయాండి?”

నేను లాప్‌టాప్‌లో ఆవిడ అర్జీ వెతికి తీశాను. మొదట రాసిన పట్టిక అక్కడిదే. దాని పైన చిరునామా ఉంది: కలిదిండి అవతల ఫలానా వారి పెద్ద చెరువు, తూర్పు గట్టు, మోటారు షెడ్డు పక్కన. ఆ కింద: నా భర్త సదరు చెరువుకి కాపలా. చెరువు గట్టు తెగి. చెరువు నీళ్ళు పాకలోకి వచ్చి. చెరువు యజమాని గారు ఊళ్ళో లేరు. వేలు పెట్టి లెక్కపెట్టాను. చెరువు ఐదుసార్లు. పాక రెండుసార్లు.

“చెరువని ఐదుసార్లు రాయించారేంటండి?” అని అడిగాను. ఆవిడ మీద నెట్టేద్దామనే అడిగానేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

“మేముండేది గట్టు మీదే గదండి. ఇంకేం రాయిస్తామండి? మాకేమన్నా డోర్నంబరుందా, వీధుందా? పోస్టాయన అడిగినా, కిరాణా కొట్టాయన అడిగినా ఎవరి చెరువు అనే అడుగుతారండి.” మళ్ళీ అంది. “పాక లేదండి. నెలయింది. మోటారు షెడ్డులో పడుకుంటున్నాం. అదీ ఖాళీ చెయ్యమంటున్నారు. శుక్రవారం రేకులు పంచుతారంటే మా పేరుందేమో చూసుకుందామని వచ్చానండి.”

ఐసు ఫ్యాక్టరీ ఆయన జేబులోంచి పెన్ను తీశారు. “పోనీలెండి మేడమ్ గారూ, ఈవిడ్ని ఇళ్ళలోకి రాసేద్దాం. ఒక్క పేరే గదా.”

“ఒక్కటో వందో నాకు తెలీదండి” అన్నాను.

“తొంభైనాలుగు కరెక్టని మీరే గదా చెప్పారు?”

నేను జవాబు చెప్పేలోపల ఆవిడే అంది. “మా పక్క గట్టు వాళ్ళకీ ఇదే ఉత్తరమండి. ఆ పక్క వాళ్ళకీనండి. వాళ్ళు రారండి. లైసెన్సు అన్న మాట చూసి కేసేదో పెట్టారనుకుంటున్నారు.”

ఏలూరు బస్సులో కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది, నేను ఏం చేశానో.

మా మార్కెట్లో లారీ వచ్చి ఆగితే పైవరుస బస్తా చూసి ఎవరూ ధర కట్టరు. పైన ఎప్పుడూ మంచి సరుకే ఉంటుంది. మధ్య వరుసలోంచి ఒక బస్తా, అడుగునుంచి ఒక బస్తా దింపించి, నేలమీద కుమ్మరించి, చేత్తో కలబెట్టి చూస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు షావుకారు గారు నాకు నేర్పిన పని అది. అలాంటిది నేను అర్జీల కట్టకి పైనున్న నాలుగువందలు తీసి చదివాను. పైనున్నవి ఎవరివి? ముందు వచ్చినవాళ్ళవి. ముందు ఎవరు వస్తారు? కైకలూరు దగ్గర్లో ఉన్నవాళ్ళు, మోటారుసైకిలున్నవాళ్ళు, సొంతంగా రాసుకోగలిగినవాళ్ళు. చెరువులు వాళ్ళవి. వాళ్ళ అర్జీలో చెరువు అంటే పోయిన చేపలే. గట్ల మీద ఉండేవాళ్ళు నీళ్ళు తీశాక, రాసిపెట్టే మనిషిని వెతుక్కుని, ఆఖర్న వచ్చారు. వాళ్ళ అర్జీలు అడుగున ఉన్నాయి. పరీక్షకి దాచిన వంద కూడా ఆ పై నాలుగువందల్లోవే. పై బస్తా మంచిదో కాదో పై బస్తానే అడిగాను. మంచిదని చెప్పింది.

మర్నాడు కొట్టుకి ఫోను చేసి నాలుగు రోజులు సెలవు అడిగాను. 

“ఇప్పుడాండి? కర్నూలు సరుకు దిగే టైముకా?” అన్నారు షావుకారు గారు.

“మీరు నేర్పిందే మర్చిపోయానండి. దిద్దుకోవాలి” అని, జరిగింది చెప్పాను. ఆయన అంతా విన్నారు. తరవాత, “మధ్య బస్తా తీయలేదా?” అని మాత్రం అడిగి, సెలవిచ్చారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఈసారి అర్జీల్ని ఊళ్ళ వారీగా విడదీసి, ప్రతి ఊరి వాటిలోంచీ మధ్యనుంచి ఐదు, అడుగునుంచి ఐదు చొప్పున అర్జీలు తీశాను. మా ఆయనకి మొదటి మూడు రోజులూ ముహూర్తాలు లేవు. వరండాలో కూర్చుని ఒక్కోటీ పైకి చదివారు, నేను కట్ట పేరు రాసుకున్నాను. ఆయన చదివితే కిరాణా పట్టీ కూడా మంత్రంలా ఉంటుంది. పాతిక అర్జీలు చదివాక ఆగిపోయారు.

“ఏమే, వీళ్ళు కూడా సంకల్పం చెప్పుకుంటున్నారే.”

“ఏం సంకల్పమండీ?”

“పూజకి ముందు మనం ఎక్కడ కూర్చున్నామో చెప్పుకోమూ? కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశంలో అని? వీళ్ళూ అంతే. ఫలానా చెరువు, ఫలానా గట్టు, ఫలానా షెడ్డు పక్కన. ఆ తరవాతే అసలు కోరిక. నీ మిషను చేతిలో నా సంకల్పం పడితే నన్ను నదుల కట్టలో వేసేస్తుందేమో!”

“వేసేస్తుందండీ” అన్నాను. “నిజంగానే వేసేస్తుంది.”

ఆయన హాస్యానికి అన్న మాట నాకు పనికొచ్చింది. సంకల్పాన్ని ఒక పక్కా కోరికని ఒక పక్కా పెట్టాలి. ఎక్కడుంటారన్న భాగంలోని మాటలు ఒక లెక్క, ఏం పోయిందన్న భాగంలోని మాటలు ఇంకో లెక్క. ప్రతి అర్జీనీ అలా రెండు ముక్కలు చేశాను. విడి మాటలతో పాటు పక్కపక్కనుండే రెండేసి మాటల్ని కూడా లెక్కలోకి తీసుకున్నాను. ‘చెరువు చేపలు’ ఒక వైపు మొగ్గింది, ‘చెరువు గట్టు’, ‘చెరువు కాపలా’ ఇంకో వైపు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి చేశాను. రెండు కట్టల మధ్య తూకం దగ్గరదగ్గరగా ఉన్న అర్జీని ప్రోగ్రాము ఎటూ వెయ్యకూడదు, పక్కన పెట్టాలి, మనిషి చదవాలి. 

అన్ని ఊళ్ళనుంచీ తీసిన కొత్త వంద అర్జీల మీద ముందు పాత ప్రోగ్రామునే పరీక్షించాను. డెబ్భైఒకటి. తొంభైనాలుగని నేను పెద్దగా రాసి చూపించిన దాని అసలు విలువ అది. ఆ కాగితం కిందే ఆ అంకె కూడా రాశాను. కొత్తదానికి తొంభైఒకటి వచ్చింది. తొంభైనాలుగు కన్నా తక్కువే. అయినా ఇది నేలమీద కుమ్మరించి చూసిన తొంభైఒకటి.

చేపల కట్టలోంచి అది పక్కకి తీసినవి రెండువందల నలభై. అన్నీ కంటితో చదివాం. గట్టు మీద పాకలు పోయినవాళ్ళు నూట ఎనభైఎనిమిది మంది తేలారు.

గురువారం పొద్దున్న ఆ జాబితాతో కైకలూరు వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన చూసి తల పట్టుకున్నారు.

“మేడమ్ గారూ, రేకులు ఏడువందల రెండిళ్ళకే చెప్పాం. లారీలు బయల్దేరిపోయాయి. ఇప్పుడు నూట ఎనభైఎనిమిదంటే ఎక్కడినుంచి తెమ్మంటారు? మీ తొంభైనాలుగుని నమ్మి సంఘంలో అందరికీ చెప్పేశాను.”

“నా తప్పేనండి. సంఘంలో అలాగే చెప్పండి. కానీ ఇది ఒకసారి చదవండి.”

ఒక అర్జీ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. చిరునామాలో ఐసు ఫ్యాక్టరీ వారి చెరువు, పడమటి గట్టు అని ఉంది. పాక, ఇద్దరు పిల్లల పుస్తకాలు, మేకలు రెండు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివారు. మళ్ళీ పైనుంచి చదివారు.

“మనవాడే” అన్నారు. “రోజూ కనిపిస్తాడు. నాతో ఒక్క మాట చెప్పలేదే వెధవ.”

“చెప్పాడండి. ఇందులోనే చెప్పాడు. మనమే మీ చెరువుకి కౌలు పత్రం అతన్ని తెమ్మన్నాం.”

సంఘంలో చాలామంది చెరువుల వాళ్ళే. ప్రతి చెరువుకీ ఒక గట్టు, గట్టుకి ఒక పాక, పాకలో ఒక కుటుంబం. ఆయన మిగతా జాబితా తిరగేసి, చిరునామాల్లో తనకి తెలిసిన పేర్లు ఒక్కొక్కటే చూస్తూ ఫోను తీశారు. 

“ఎన్ని రేకులు?” అని నన్నడిగారు.

“రెండువేల రెండువందల యాభైఆరు.”

“ముందే గుణించి పెట్టుకున్నారా?”

“గుణించకుండా రానండి.”

శుక్రవారం ఉన్న రేకులతోనే పంచడం మొదలుపెట్టారు. కొత్త లారీ ఆదివారానికి వచ్చింది. కలిదిండి ఆవిడ శుక్రవారమే వచ్చింది. పన్నెండు రేకులూ వేళ్ళతో తడుముతూ తనే లెక్కపెట్టుకుంది. “సరిపోయిందండి” అంది. పోయిన ఇరవై ఎనిమిదిలో ఒక్కటి తిరిగొచ్చినట్టు. మిగతా ఇరవైఏడు మా కట్టల్లో దేనిలోనూ లేవు.

చెరువుల వాళ్ళు ఫోన్లమీద కబురు పెట్టారు. నూట ఎనభైఎనిమిది మందిలో నూట ముప్ఫైరెండు మంది ఆ రెండు రోజుల్లో వచ్చి తీసుకువెళ్ళారు. యాభైఆరు మంది రాలేదు. ఎందుకు రాలేదో, నేను జాబితా చదివితే కలిదిండి ఆవిడే చెప్పింది. చేపలు కొట్టుకుపోయిన చెరువుకి కాపలా ఎవరికి కావాలి? యజమానులు వెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళు సామాను కట్టుకుని ఇంకో చెరువు వెతుక్కున్నారు. చెరువే చిరునామా అయినప్పుడు, చెరువు మారితే మనిషి దొరకడు. నా లెక్క సరిగ్గా ఉండి మొదటి ఉత్తరమే సరైనది వెళ్ళి ఉంటే వాళ్ళలో చాలామంది పాత గట్ల మీదే ఉండేవాళ్ళు. ఈ లెక్క ఏ ప్రోగ్రాములోనూ వెయ్యనక్కర్లేదు.

“వాళ్ళావిడ మా మేనత్త కూతురండి, ఉండి వైపు వెళ్ళారు. వీళ్ళు కైకలూరులోనే మేత కొట్టు వెనక ఉన్నారండి. వీళ్ళు మాత్రం తెలీదండి.” ఆవిడ జాబితా వింటూ అలా చెబుతూంటే నేను పక్కన రాసుకున్నాను. ఆవిడ చెప్పిన ఆనవాళ్ళతో నెలలోపల ఇరవైఎనిమిది మంది దొరికారు. ఇరవైఎనిమిది మిగిలారు.

ఆ తరవాత నాకు ఒక అలవాటయింది. మా కొట్టునుంచి ఆకివీడు, ఉండి, భీమవరం వైపు సరుకు తీసుకెళ్ళే లారీ డ్రైవర్లకి తలా ఒక కాగితం ఇచ్చాను. దాని మీద పేరూ, పాత చెరువూ, పిల్లలెందరో ఉంటాయి. టీ తాగడానికి ఆగిన చోట అడగమన్నాను. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు కొట్లో అడుగుపెడుతూనే వాళ్ళే ‘లేరండి’ అనో, ‘ఒకరు దొరికారండోయ్’ అనో చెబుతారు. అలా ఇంకో పదకొండు మంది దొరికారు. ప్రోగ్రాముని ఆ తరవాత ఇంకా రెండు పనులకి వాడాను. ప్రతిసారీ మధ్యనుంచీ అడుగునుంచీ తీసే నేర్పాను. 

పోయిన వారం ఐసు ఫ్యాక్టరీ ఆయన ఫోను చేశారు.

“వెనక షెడ్డులో రేకులు తుప్పు పట్టేలా ఉన్నాయి మేడమ్ గారూ. ఎవరికైనా ఇచ్చేద్దామా?”

“వద్దండి. వాటికి మనుషులున్నారు.”

“ఎక్కడున్నారండి?”

“చెరువు తెలిస్తే చెప్పేదాన్ని. మీద టార్పాలిన్ కప్పించండి, ఆదివారం వచ్చి లెక్క చూస్తాను.”

వెళ్ళాను. ఒక్కోటీ వేలితో తట్టి లెక్కపెట్టాను. ఇవ్వాల్సిన ఇళ్ళు పదిహేడు. రేకులు రెండువందల నాలుగు.